"సారపు ధర్మమున్" పద్యంలో "మీరు" అన్న మాటే లేదు, గమనించారా?

తిక్కన ఉద్యోగపర్వం, కృష్ణరాయబారం. చాలామందికి నోటికొచ్చిన పద్యమే, అయినా మళ్ళీ పెడుతున్నా:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱిన దైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడున్

ఎదుటివాళ్ళని ఒప్పించే మాటతీరుకి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తట్టలేదు. ఎదురుగా భీష్ముడు, ద్రోణుడు, ధృతరాష్ట్రుడు కూర్చునున్నారు, కళ్ళముందు అన్యాయం జరుగుతుంటే ఊరుకున్నది వాళ్ళే, అయినా కృష్ణుడు వేలెత్తి చూపలేదు, ధర్మాన్ని పాపం, సత్యాన్ని బొంకు చెడగొడుతుంటే ఆపగలిగుండీ ఎవరైతే పట్టించుకోలేదో వాళ్ళకి చేటు అని మాత్రం అన్నాడు. పేరు పెట్టి అంటే వెంటనే సమర్థించుకోడానికి దిగేవాళ్ళు, ఇలా అనేసరికి ఎవరికివాళ్ళు తడుముకోవాల్సిందే.

ఇదే చోట వ్యాసుడి శ్లోకం "హతాస్తత్ర సభాసదః" అని ముగుస్తుంది, అంటే ఆ సభలో ఉన్నవాళ్ళంతా చచ్చినట్టే అని. తిక్కన సభాసదుల్ని పక్కనపెట్టి "దక్షులు" అన్నాడు, దాంతో బరువంతా చేతనైనవాళ్ళ మీదే పడింది. భీష్ముడు ఇప్పుడు "నావల్ల కాదు" అనాలంటే నేను దక్షుణ్ణి కాదని నిండుసభలో ఒప్పుకోవాలి!

చివర్లో దైవం మాట ఆ శ్లోకంలో లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మామూలుగా ఎవరైనా "మీరు కాపాడకపోతే ధర్మం ఏమైపోతుంది" అని బతిమాలతారు కదా, ఇక్కడ ధర్మానికేం కాదు, దాన్ని గట్టెక్కించడానికి దైవం ఉంది, చెడేది మీరే అంటున్నాడు. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా చేసినవాడు కాబట్టి కొలువులో పెద్దల్ని ఎలా కదిలించాలో తిక్కనకి బాగా తెలుసనిపిస్తుంది.

కామెంట్: అంతా బానే ఉందండీ, కానీ రాయబారం ఫెయిలైందిగా? ఇంక ఒప్పించిందెక్కడ?

జవాబు: దుర్యోధనుడు వినలేదు, నిజమే. కానీ ఈ పద్యం గురి అతని మీద కాదండీ, అతను ఉపేక్షించేవాడు కాదు, స్వయంగా చేసేవాడు. గురి పెద్దల మీద, వాళ్ళూ చివరికి కౌరవుల వైపే నిలబడ్డారు కాబట్టి ఆ లెక్కన ఓటమే. అయితే సభకి ముందురాత్రి విదురుడి ఇంట్లో కృష్ణుడన్న మాట చూడండి, వ్యాసభారతంలో ఉంది: "శక్తో నావారయత్ కృష్ణః", చేతనై ఉండీ కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు, అందుకే వచ్చానంటాడు. మర్నాడు సభలో పెద్దలకి పెట్టిన కొలతని ముందు తనకే పెట్టుకున్నాడు.