ఆటల బల్ల: శనివారం ట్రయల్ ఆట సంగతులు, ఇంకో ముగ్గురు వాలంటీర్లు కావాలి

ఆటల బల్ల సమన్వయం:
అందరికీ నమస్కారం. వార్షికోత్సవంలో చారిత్రక యుద్ధం బల్ల ఒకటి పెడదామని అనుకున్నాం కదా, దాని కోసం శనివారం నలుగురం కూర్చుని డీబీఏ 3.0 (చిన్న బొమ్మల సైన్యాలతో పాత యుద్ధాలను బల్ల మీద ఆడే ఆట) రూల్స్‌తో మొదటిసారి ఒక ఆట మొదలు నుంచి చివరిదాకా ఆడాం. గంటలోపు అయిపోయే ఆట మాకు మూడు గంటలు పట్టింది. తప్పు రూల్స్‌ది కాదు, మాదే.

ఎక్కడ బోల్తా పడ్డామో చెప్తాను, బల్ల దగ్గర నిలబడేవాళ్లందరికీ పనికొస్తుంది. ఒక్కో వైపు 12 దళాలు ఉంటాయి, ఒక పలక మీద అంటించిన కొన్ని బొమ్మలు కలిపి ఒక దళం. మన వంతు రాగానే ఒకే ఒక్క పాచిక వేస్తాం, ఎంత పడితే అన్ని పిప్పులు, అంటే ఆ వంతులో అన్ని కదలికలే. నేను ఇన్నాళ్లూ ఆడిన ఆటల్లో మన వంతు వస్తే సైన్యం మొత్తం కదిలేది, అందుకని ఇక్కడ దళానికో పిప్ అని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. రెండు పడింది, రెండు దళాలు జరిపాను. ఎదుటాయనకి ఒకటి పడింది, ఒక దళం జరిపాడు. నలభై నిమిషాలయ్యాక చూస్తే రెండు సైన్యాలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ అక్కడే ఉన్నాయి. చివరికి ఒకరికి విసుగొచ్చి పుస్తకం మళ్లీ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. ఒకదాన్నొకటి అంచుకు అంచు, మూలకు మూల ఆనుకుని, ఒకే వైపు చూస్తూ నిలబడ్డ దళాలన్నీ కలిసి ఒక గుంపు, ఆ గుంపు మొత్తం కదలడానికి ఒకటే పిప్ చాలు. వరుస చెదిరితే ఖర్చు పెరుగుతుంది. ఆట కీలకమంతా ఇందులోనే ఉందని నాకప్పుడు అర్థమైంది: వరుస చెదరకుండా ఉన్నంతసేపే సేనాపతి మాట చెల్లుతుంది, చెదిరాక ఒక్కో దళాన్నీ విడివిడిగా బతిమాలుకోవాలి. పుస్తకం నేను అంతకు ముందే రెండుసార్లు చదివాను, అయినా ఇది బుర్రకెక్కలేదు.

మనం ఎంచుకున్న యుద్ధం క్రీ.పూ. 326, ఝీలం ఒడ్డున అలెగ్జాండర్, పురుషోత్తముడు. ఏనుగులున్నాయంటే చూసేవాళ్లు ఆగుతారు. ఎన్ని ఏనుగులనేదానికి ఒక్కో ప్రాచీన రచయితది ఒక్కో లెక్క. అర్రియన్ 200 అంటాడు, డయోడోరస్ 130 అంటాడు, కర్టియస్ 85 దగ్గర ఆపాడు. మన బల్ల మీద మూడు ఏనుగు దళాలు పెట్టాం, ఇది పూర్తిగా మా సొంత లెక్క, ఎవరైనా వాదించాలనుకుంటే ఆట అయ్యాక రండి.

ఏనుగు దెబ్బ ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్తాను. నా గుర్రాల దళం ఏనుగు మీదికెళ్లింది. పోరులో గుర్రాల బలం 3, గుర్రాలతో తలపడే ఏనుగు బలం 5, దానికి పాచిక కలపాలి. ఇద్దరం చెరో పాచిక వేశాం, నాకు 1, ఆయనకు 4. నాది మొత్తం 4, ఆయనది 9. ఓడినవాడి మొత్తం గెలిచినవాడి దాంట్లో సగమో అంతకన్నా తక్కువో అయితే మామూలుగా దళం బల్ల మీంచి పోయినట్టే, సగం దాటితే వెనక్కి తగ్గి బతికిపోతుంది. మూడు రోజులు కూర్చుని రంగులేసిన గుర్రాలు, ఒక్క పాచికతో పెట్టెలోకి వెళ్లిపోయాయి.

హాలు ఏర్పాట్లు:
చదివాను. అన్నా, ఒక చిన్న డౌటు. మనవాళ్లు వచ్చి చూసే బల్ల కదా, మరి మన చరిత్రే పెట్టొచ్చుగా? 1565 తళ్లికోట పెడితే సగం హాలు మీ బల్ల చుట్టూనే ఉంటుంది.

ఆటల బల్ల సమన్వయం:
నాకూ ఆశే తమ్ముడూ. కానీ ఈ రూల్స్ క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 1500 వరకే. తళ్లికోటలో ఫిరంగులు పెద్ద పాత్ర పోషించాయి, వాటిని విల్లుల లెక్కలో ఇరికిస్తే ఆటా ఉండదు, చరిత్రా ఉండదు. దానికి వేరే రూల్స్ నేర్చుకోవాలి, వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పటికే ఒక పుస్తకంతో తల బొప్పి కట్టింది.

పిల్లల విభాగం:
మా వైపు నుంచి మూడు మాటలు. పదేళ్ల పిల్లాడు కొలతలు, మినహాయింపులు వింటూ ఐదు నిమిషాలు కూడా నిలబడడు. రెండు, పిల్లలు బొమ్మని ఈటె పట్టుకునే ఎత్తుతారు. మూడు, శనివారం నేనూ అక్కడే ఉన్నాను, మీరు ఒకరినొకరు సరిచేసుకున్నట్టు పిల్లల్ని సరిచేస్తే ఏడ్చి వెళ్లిపోతారు, చెప్పలేదనుకోవద్దు.

ఆటల బల్ల సమన్వయం:
అక్కా, మూడోది బాగా తగిలింది, ఒప్పుకుంటున్నా. అందుకే ఇలా మారుస్తున్నాం. పూర్తి 12 కాదు, చెరో ఆరు దళాలే. పూర్తి ఆటలో నాలుగు దళాలు పోయి, ఎదుటివాడికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాడు ఓడినట్టు, మన చిన్న ఆటలో రెండు పోతే చాలు. పుస్తకం బల్ల మీద ఉండదు, ఒక పేజీ కాగితం ఉంటుంది. పుస్తకంలోని మినహాయింపులన్నీ వదిలేసి ఒక్క రూల్ మాత్రం పెట్టాను: వెనక్కి తగ్గే ఏనుగు తన వెనకాల ఉన్నది సొంత దళమైనా సరే తొక్కేస్తుంది. ఇరుకులో చిక్కిన ఏనుగులు అటువాళ్లనీ ఇటువాళ్లనీ ఒకేలా తొక్కాయని అర్రియన్ కూడా రాశాడు కాబట్టి మరీ గాలికి చెప్పింది కాదు, పైగా పిల్లలకి ఇదే గుర్తుండిపోతుంది.

కొలతకి టేపు వద్దు. ఈ రూల్స్‌లో దూరాలన్నీ బేస్ (బొమ్మలు అంటించిన అడుగు పలక) వెడల్పుల్లోనే, మన 15 మిల్లీమీటర్ల బొమ్మలకి బేస్ 40 మిల్లీమీటర్లు. గట్టి అట్ట ముక్కలు 40, 80, 120, 160 కోసి ఒక్కోదానికి ఒక్కో రంగు వేస్తే "నీలం పుల్ల దూరం జరుపు" అంటే సరిపోతుంది. ఈటెల సంగతి: రెండు బొమ్మలకి ఇప్పటికే వంగిపోయాయి. "బేస్ పట్టుకుని ఎత్తండి" అని బల్ల అంచున పెద్ద అక్షరాలతో అంటిస్తాను, మరీ చిన్నపిల్లల చేతికి లోహపు బొమ్మలు ఇవ్వొద్దు, పాచికలు వేసే పని వాళ్లది.

కావాల్సింది ముగ్గురు. ఒకరు ఆట నడపాలి, ఒకరు వరుసలో నిలబడ్డవాళ్లకి ఏం జరుగుతోందో చెప్తూ ఉండాలి, మూడో మనిషి బొమ్మలు లెక్కపెట్టి పెట్టెలో సర్దాలి. మూడోది చిన్న పని అనుకోకండి, శనివారం ఒక విలుకాడు కుర్చీ కింద దొరికాడు.

హాలు ఏర్పాట్లు:
మూడో పని నాకివ్వండి. బల్ల ఎంత కావాలి?

ఆటల బల్ల సమన్వయం:
ఆట జరిగే చోటు 60 సెంటీమీటర్ల చదరం చాలు, కానీ చుట్టూ నాలుగు వైపులా మనిషి నిలబడాలి, గోడకి ఆనించొద్దు.

పిల్లల విభాగం:
వరుసలో వాళ్లకి చెప్పే పని నేను చూస్తాను. అలెగ్జాండర్ నదిని రాత్రిపూట వానలో దాటిన కథ చెప్తే చాలు, వంతు వచ్చేదాకా కదలరు. మరి ఆట నడిపేది ఎవరు?

ఆటల బల్ల సమన్వయం:
అదే ఖాళీగా ఉంది, రూల్స్ తెలియనివాళ్లు వస్తే ఇంకా మంచిది. ఆదివారం ఉదయం పదింటికి రెండో ట్రయల్. ఈసారి మధ్యలో పుస్తకం తెరవం, డౌటొస్తే పాచిక వేసి తేల్చేసి ముందుకెళ్లిపోతాం, ఆ డౌట్లు కాగితం మీద రాసుకుని ఆట అయ్యాక చూసుకుంటాం. అట్ట, కత్తెర నేను తెస్తున్నా, రంగులు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.