ఆర్సెనల్ లోన్ కుర్రాళ్లను మీరెలా గమనిస్తున్నారు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కు చెందిన హేల్ ఎండ్ అకాడమీ కుర్రాళ్లను ఫాలో అయ్యేవాళ్లు కాస్త సాయం చేయండి. అండర్-18, అండర్-21 మ్యాచ్‌ల వివరాలు క్లబ్ సైట్‌లో దొరుకుతాయి. చిక్కంతా లోన్ మీద, అంటే తాత్కాలికంగా వేరే క్లబ్‌కు ఆడేందుకు, కింది డివిజన్లయిన లీగ్ వన్, లీగ్ టూకి వెళ్లినవాళ్లతోనే. ఈ డివిజన్లను నడిపే ఈఎఫ్‌ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్ జట్టులో ఇంగ్లండ్ క్లబ్‌ల లోన్ ఆటగాళ్లు ఐదుగురికి మించకూడదు కదా. అందుకని జాబితాలో పేరు లేకపోతే గాయం వల్లా, ఫామ్ లేకా, ఈ పరిమితి వల్లా అన్నది స్కోర్ల యాప్ చూస్తే తేలదు. జనవరిలో ఆర్సెనల్ వెనక్కి పిలుస్తుందా లేదా అని అంచనా వేయాలంటే అదే ముఖ్యం. పైగా లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమవైపు డిఫెండర్) ఆడాడా, ఇంకా ముందుకెళ్లి ఆడే వింగ్ బ్యాక్‌గానా అన్నది నిమిషాల లెక్కలో కనిపించదు. అక్కడి స్థానిక పత్రికల్లో మేనేజర్ మాటలు కాక ఇంకేం చూడాలి? శనివారం మ్యాచ్‌లు చలికాలంలో మనకు రాత్రి 8:30కి మొదలవుతాయి. పూర్తి రీప్లే చట్టబద్ధంగా ఎక్కడ దొరుకుతుంది?