సమస్యాపూరణం: ‘ఆవు పొడిచినంత నాయువబ్బె’

బ్రాడీపేట మాస్టారు: ఈ వారం ఆటవెలది.

*ఆవు పొడిచినంత నాయువబ్బె*

కామధేనువును, పురాణాలను తేవద్దు. సైన్సు మాట ఒకటి పుట్టుపూర్వోత్తరాలతో సహా రావాలి.

కొత్తపేట కోడలు:

లాటినందు వక్క లక్షణమ్ముగ నావు
వ్యాక్సినయ్యె మందు వసుధయందు
సూది కొమ్ము మొనకు చురుకుమన్నది గాని
ఆవు పొడిచినంత నాయువబ్బె

లాటిన్‌లో ‘వక్క’ అంటే ఆవు మాస్టారూ. తాంబూలంలో వక్క అనుకునేరు!

బ్రాడీపేట మాస్టారు: అమ్మా, ‘సూది కొమ్ము’ దగ్గర చప్పట్లు కొట్టాను. పొడవడమనేది కొమ్ముకీ సూదికీ ఒక్కసారే అతికింది, సమస్య విడిపోయిందీ అక్కడే. ‘వసుధయందు’ మాత్రం యతి కోసం పిలిచిన చుట్టం. ‘వ్యాక్సినయ్యె నదియె వాడుకందు’ అనండి.

లాం పశువైద్యుడు: ఒక్క మాట. 1798లో మశూచి టీకా ఇంగ్లిష్ వైద్యుడు జెన్నర్ తన పుస్తకంలో ‘వేరియోలే వాక్సినే’ అన్నది ఆవులకొచ్చే మశూచిని, మందును కాదు. ఆవుతో పనిలేని టీకాలకూ ఆయన గౌరవార్థం అదే పేరు ఉండాలని 1881లో లండన్ వైద్య సభలో చెప్పింది ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్. ఇక నా పూరణ:

పాలు పితుకు పిల్ల పాణి పొక్కుల రసి
ఫిప్సు చేతి గాట బెట్టినాడు
జెన్నరయ్య, మశుచి చేరలే దాతని
ఆవు పొడిచినంత నాయువబ్బె

ఇది 1796 మే 14 నాటి సంగతి. జేమ్స్ ఫిప్స్‌కి అప్పుడు 8 ఏళ్లు. పాలపిల్ల సారా నెల్మ్స్‌కి ఆ పొక్కులు అంటించిన ఆవు పేరు బ్లాసమ్. దాని తోలు లండన్‌లో ఒక వైద్య కళాశాలలో ఇప్పటికీ ఉంది.

బ్రాడీపేట మాస్టారు: డాక్టరుగారూ, కథంతా మూడు పాదాల్లో ఇమిడింది. ‘పాణి పొక్కులు’ సంస్కృతానికి తెలుగు అతికించిన వైరి సమాసమని పట్టుకునేవాళ్లుంటారు, నేను చూడనట్టే ఉంటా. కానీ ‘మశుచి’ ఏమిటండీ? ‘మశూచి’ జగణం, అక్కడ పట్టదు, నిజమే. అలాగని దీర్ఘం కోసేస్తారా?

లాం పశువైద్యుడు: దొరికిపోయాను. ‘జెన్నరయ్య, యమ్మ చేరలే దాతని’ అంటే? మా నాయనమ్మ మశూచి అనేదే కాదు, ‘అమ్మవారు పోసింది’ అనేది.

బ్రాడీపేట మాస్టారు: అయ్య వచ్చాక అమ్మ రాలేదు! ఇది మొదటిదానికంటే వెయ్యి రెట్లు నయం.

అరండల్‌పేట కుర్రాడు: ‘టీకా’ కూడా లాటినేనా సార్?

బ్రాడీపేట మాస్టారు: కాదు నాయనా, హిందీ నుంచి వచ్చింది. అక్కడ టీకా అంటే బొట్టు. పద్యాలకు రాసే టీక వేరు, అది సంస్కృతం. ఇంతకీ నీ పూరణ ఏదీ?

అరండల్‌పేట కుర్రాడు: నన్ను ఆవు పొడవలేదు సార్, రెండో పాదంలో యతి తన్నింది. రేపు పెడతా.