బికోల్ ఎక్స్‌ప్రెస్ కూరలో కొబ్బరిపాలు విరిగిపోతున్నాయి, ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

ప్రశ్న (కావలి వాసి):

అందరికీ నమస్కారం. సరుకు ఓడలో పనిచేసిన నాలుగేళ్ళలో మా వంటవాడైన ఫిలిప్పీన్స్ మిత్రుడు నెలకోసారి బికోల్ ఎక్స్‌ప్రెస్ అనే పంది మాంసం కూర వండి పెట్టేవాడు. కొబ్బరిపాలలో ఉడికిన ఆ ముక్కల మెత్తదనం, వేడి అన్నంలో కలుపుకున్నప్పుడు గొంతు దాకా పాకే పచ్చిమిరప ఘాటు నేటికీ మరపు రావడం లేదు. ఇంటికి వచ్చాక రెండు ఆదివారాలు ప్రయత్నించాను. అర కిలో మాంసంలో రెండు కొబ్బరికాయల పాలు ఒక్కసారే పోసి, మూత పెట్టి, పెద్ద మంట మీద ఉడికిస్తే పావుగంటకే పాలు విరిగి, తెల్లటి పలుకులు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు అయ్యాయి. ముక్క మాత్రం ఉడకనే లేదు. ఆయన వాడే ఉప్పటి రొయ్యల ముద్ద కూడా కావలిలో నాకు దొరకలేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (కొత్తపట్నం గృహిణి):

తమ్ముడూ, పాలన్నీ ఒకేసారి పోయడమే అసలు పొరపాటు. కొబ్బరిపాలలోని కొవ్వును సన్నటి బిందువులుగా నీటిలో పట్టి ఉంచేది అందులోని మాంసకృత్తులే. పెద్ద మంట మీద తెర్లితే అవి గడ్డకట్టి ఆ పట్టు వదిలేస్తాయి, అప్పుడే పలుకులు తేలుతాయి. అందువల్ల తురుమును గోరువెచ్చని నీళ్ళతో పిండి చిక్కటి మొదటి పాలను పక్కన పెట్టుకుని, అదే తురుములో మళ్ళీ నీళ్ళు పోసి పలుచని రెండో పాలు తీయండి. పొట్ట భాగపు మాంసాన్ని, అంటే కొవ్వూ కండా పొరలు పొరలుగా ఉన్నదాన్ని తెచ్చుకుని, ముందుగా దాని కొవ్వులోనే అంచులు ఎర్రబడే దాకా వేయించి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేసి, రెండో పాలు పోసి, మూత పెట్టకుండా సన్నటి సెగ మీద ముప్పావు గంటకు తగ్గకుండా ఉడకనివ్వండి. గరిటె అంచుతో నొక్కితే ముక్క తెగాలి. మొదటి పాలు పోయవలసింది అప్పుడే. పోశాక కూర కుతకుత ఉడకకూడదు. బుడగ నెమ్మదిగా లేచి పగిలేంత సెగ చాలు.

సమాధానం (నెల్లూరు, పాత ఓడ వంటవాడు):

అమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. దానికి ఒక్క మాట చేర్చాలి. చివర్లో పైకి తేలే నూనెను చూసి విరిగిందని భయపడవద్దు, గ్రేవీ దగ్గరపడి నూనె వదిలితేనే ఈ కూర పూర్తయినట్టు అక్కడివారు భావిస్తారు. మొదట్లో తేలే పలుకులు వేరు, చివర్లో కక్కే నూనె వేరు.

రొయ్యల ముద్దను వాళ్ళు బగోఓంగ్ అంటారు. చిన్న రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి చేస్తారు. మన సంతలో దొరికే రొయ్యపొట్టును ఇసుక పోయేలా కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి పొడి చేసి రెండు చెంచాలు వేయండి. పులిసిన రుచి రాదు కానీ రొయ్య వాసన నిండుగా వస్తుంది. దీనిలో ఉప్పు ఉంటుంది కనుక విడిగా ఉప్పు చివరనే చూసుకోవాలి. పొడవాటి పచ్చిమిరపకాయలను చీలికలుగా కోసి అరగంట ఉప్పునీటిలో నానబెట్టి కడిగితే ఘాటు కొంత తగ్గుతుందని మాకు నేర్పించారు. మన నాలుకలకు ఆ అవసరం ఉండకపోవచ్చు. ధనియాల పొడి, గరం మసాలా మాత్రం దయచేసి వేయవద్దు, అవి కొబ్బరినీ రొయ్యనూ రెండింటినీ మింగేస్తాయి.

బికోల్ ఎక్స్‌ప్రెస్ అనే పేరు ఫిలిప్పీన్స్‌లో మనీలా నుంచి బికోల్ ప్రాంతానికి నడిచిన రైలుది. మనీలాలోని మలాటేలో హోటల్ నడిపిన సెలీ కలావ్ గారు 1970ల్లో ఈ పేరు పెట్టారని చెబుతారు. బికోల్‌లో మిరపకాయలను కొబ్బరిపాలలో వండుకోవడం అంతకుముందు నుంచే ఉంది.

సమాధానం (ఒంగోలు నుంచి):

సమయం లేనివారు మాంసాన్ని కుక్కర్‌లో ముందే ఉడికించి, ఆ తరువాత పాలు పోసుకోవచ్చు. రుచి కొంత తగ్గుతుంది, పాలు మాత్రం విరగవు.

ప్రశ్న అడిగినవారి నుంచి:

ఈ ఆదివారం అక్కగారు చెప్పిన వరుసలోనే వండాను. ముక్క ఉడకడానికి గంట పట్టింది, పాలు విరగలేదు, చివర పది నిమిషాల్లో అంచుల వెంట నూనె కూడా తేలింది. రొయ్యపొట్టు కాస్త ఎక్కువ వేయడం వల్ల ఉప్పు మించింది. పక్కన పెట్టుకున్న మొదటి పాలలో అరగ్లాసు మిగిలి ఉంటే అది పోసి సరిచేశాను. మా నాన్నగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.