ఫజ్ శబ్దం మొదట ఎక్కడ పుట్టింది? తెలిసినవాళ్లు, చేసి చూసినవాళ్లు చెప్పండి

కావలి_గిటార్
పదేళ్లుగా చర్చిలో గిటార్ వాయిస్తున్నాను. పోయిన నెల ఒక సెకండ్‌హ్యాండ్ ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరగా మార్చే, కాలితో నొక్కే పెట్టె) కొన్నాను. స్విచ్ నొక్కి తీగ మీటగానే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "స్పీకర్ పోయిందా?" అని అడిగింది. అప్పటినుంచి ఇదే ఆలోచన. పాడైన స్పీకర్‌లా పలికే పెట్టెను కావాలని తయారు చేయాలని ఎవరికి తోచింది? ఒకచోట 1951 అని, ఇంకోచోట 1965 అని చదివాను. ఏది నిజం?

వాల్వ్_రేడియో
బాబూ, అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. మొదట్లో నిజంగా స్పీకర్లే పోయాయి. 1951 మార్చిలో అమెరికాలో ఐక్ టర్నర్ సంగీత బృందం మిసిసిపీ నుంచి కారులో మెంఫిస్ బయల్దేరింది, శామ్ ఫిలిప్స్ స్టూడియోలో రికార్డింగ్ కోసం. దారిలో యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, స్పీకర్ అందులోనే ఉంటుంది) దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరంటారు, వానకు తడిసిందని కొందరు. బాగుచేయించే టైము లేక స్పీకర్ కోన్‌లో (గరాటులాంటి కాగితపు భాగంలో) కాగితాలు కుక్కి 'రాకెట్ 88' వాయించేశారు. గిటార్ విల్లీ కిజార్ట్. రికార్డు మీద పేరు మాత్రం పాడిన జాకీ బ్రెన్‌స్టన్‌ది.

నేను చిన్నప్పటినుంచి రేడియోలు బాగుచేసినవాణ్ణి. కోన్ చిరిగితే పల్చటి కాగితం జిగురుతో అతికించేవాళ్లం. ఆ అతుకు ఊడితే మంద్రంలో సరిగ్గా ఇదే గరగర వచ్చేది. దాన్ని పోగొట్టడమే మా పని. అదే గరగరను ఫిలిప్స్ రికార్డులో ఉంచేశాడు. ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఆయన ధైర్యమే గుర్తొస్తుంది.

బెజవాడ_బేస్
ఆ తర్వాత కావాలనే పాడుచేసినవాళ్లు వచ్చారు. లింక్ రే 1958 నాటి 'రంబుల్' కోసం యాంప్ స్పీకర్లకు పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. అందులో ఒక్క మాట కూడా లేదు, అయినా కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని నిషేధించాయి. 1964లో కింక్స్ బృందం డేవ్ డేవిస్ తన చిన్న యాంప్ కోన్‌ను బ్లేడుతో కోసి 'యూ రియల్లీ గాట్ మీ' వాయించాడు.

నేనూ ఒక పాత స్పీకర్ మీద చేసి చూశాను. మొదటి రెండు గాట్లకు భలే పలికింది. మూడోది ఎక్కువైంది, వారం తిరక్కుండా కోన్ మధ్యదాకా చిరిగిపోయింది. ఒకసారి కోశాక వెనక్కి తీసుకోలేం. చేయాలనుకునేవాళ్లు మంచి స్పీకర్ జోలికి వెళ్లొద్దు.

కోఠి_సోల్డర్
అన్నలు చెప్పినవన్నీ స్పీకర్ల కథలు. కావలి తమ్ముడు కొన్న పెట్టె వంశం వేరు, అది అమెరికాలోని నాష్‌విల్‌లో మొదలైంది.

మార్టీ రాబిన్స్ 'డోంట్ వర్రీ' అని ఒక పాట ఉంది, 1961లో విడుదలైంది. మెత్తగా సాగే కంట్రీ పాట. సగం దాటాక గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ అందుకుంటాడు, ఒక్కసారిగా తేనెతుట్టె కదిలినట్టు ఉంటుంది. అక్కడ పోయింది స్పీకర్ కాదు. రికార్డింగ్ టేబుల్‌లో ఆ ఛానల్ ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. మళ్లీ వాయించి సరిచేయొచ్చు. చేయలేదు, అలాగే ఉంచారు. పాట కంట్రీ చార్టులో పది వారాలు మొదటి స్థానంలో ఉంది, పాప్ చార్టులో మూడో స్థానం దాకా వెళ్లింది.

నాకు అసలు మనిషి ఇంజనీర్ గ్లెన్ స్నాడీ. పాడైన వస్తువుతో చిక్కేమిటంటే, అది ఇంకాస్త పాడైతే ఆ శబ్దం మళ్లీ దొరకదు. మిగతా గాయకులు అదే శబ్దం కావాలని అడగడం మొదలుపెట్టారు. స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే ఇంకో ఇంజనీర్ కలిసి అదే గరగరను ట్రాన్సిస్టర్లతో పుట్టించారు. ఆ సర్క్యూట్‌ను గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ తీసుకుని 1962లో 'మాస్ట్రో ఫజ్-టోన్' పేరుతో అమ్మింది. మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు 1.5 వోల్టుల సెల్స్, అంతే. పొరపాటున వచ్చినదాన్ని ఉంచుకోవడం ఒక ఎత్తు. ఎవరైనా కాలితో నొక్కి రప్పించుకునేలా చేయడం ఇంకో ఎత్తు. అందుకే నా ఓటు స్నాడీకే.

డల్లాస్_తంత్రి
దీనికి తర్వాతి భాగం కూడా చెప్పాలి. మొదట దుకాణాలవాళ్లు ఆ పెట్టెను బాగానే కొన్నారు కానీ వాయించేవాళ్లు పట్టించుకోలేదు. కంపెనీ ప్రచారం ఏమిటంటే, దీంతో మీ గిటార్ ట్రంపెట్‌లా, ట్యూబాలా, సెల్లోలా పలుకుతుందని. 1965 మేలో హాలీవుడ్‌లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్ఫాక్షన్' రికార్డు చేస్తున్నప్పుడు వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆ పెట్టెను అచ్చం అందుకే వాడాడు. అక్కడ బాకాల బృందం రావాలి, అప్పటిదాకా గుర్తుగా ఉంటుందని వాయించాడు. అలాగే విడుదల చేయడం ఆయనకు ఇష్టం లేదు కూడా. పాట వచ్చాక ఆ ఏడాది ముగిసేలోపే పెట్టెలన్నీ అమ్ముడైపోయాయి. నువ్వు చదివిన 1965 ఇదే తమ్ముడూ. పుట్టిన ఏడాది కాదు, జనం చెవిన పడిన ఏడాది. లండన్‌లో టోన్ బెండర్ అనే ఇంకో ఫజ్ పెడల్ వచ్చిందీ అప్పుడే, మరుసటి ఏడాది ఫజ్ ఫేస్.

కావలి_గిటార్
అందరికీ థాంక్స్. 'డోంట్ వర్రీ' ఇప్పుడే నాలుగుసార్లు విన్నాను. ఒక సందేహం. ఒక్కో స్వరం వాయిస్తే బ్రహ్మాండంగా ఉంది, కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టుకుంటే మొత్తం బురద అయిపోతోంది. పెడల్‌లో లోపమా?

కోఠి_సోల్డర్
లోపం కాదు. గిటార్ నుంచి వచ్చే అల గుండ్రంగా ఉంటుంది. ఫజ్ దాన్ని విపరీతంగా పెంచి పైనా కిందా కోసేస్తుంది, దాదాపు చదరం అవుతుంది. దాంతో అసలు స్వరానికి మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు కంపనాలున్న అనుస్వరాలు గట్టిగా చేరతాయి. ఆ కరుకుదనం వాటిదే. తీగ శబ్దం తగ్గుతున్నా కోసిన ఎత్తు చాలాసేపు అలాగే ఉంటుంది కాబట్టి స్వరం బాకాలా నిలుస్తుంది. రెండు మూడు స్వరాలు కలిపి పంపితే వాటి కంపనాల సంఖ్యల కూడికలు, తీసివేతలు కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. అదే నీ బురద. షడ్జమం, పంచమం రెండే పట్టుకుని చూడు, శుభ్రంగా వస్తుంది.

ఇంకో సంగతి. అది జర్మేనియం పెడల్ అయితే మే నెలలో జాగ్రత్త. పాత రేడియోల్లోంచి తీసిన ఏసీ128 అనే జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఒకటి కట్టాను. డిసెంబరులో అద్భుతంగా పలికింది. ఎండాకాలం ఒక ఫంక్షన్‌లో మేడ మీద ప్రోగ్రాం, రెండో పాటకే గొంతు పట్టేసినట్టు తెగి తెగి వచ్చింది. వేడికి జర్మేనియంలో లీకేజీ కరెంటు పెరిగి బయాస్, అంటే ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేసే వోల్టేజీ, జరిగిపోతుంది. ఆ టెన్షన్ మళ్లీ వద్దని, బయాస్ సరిచేసుకోడానికి లోపల చిన్న ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పేది) పెట్టాను. సిలికాన్‌కు ఈ బాధ చాలా తక్కువ, కాకపోతే శబ్దం ఇంకొంచెం పదునుగా ఉంటుంది.

వీణ_ఇంట్లో
నేను గిటార్ మనిషిని కాదు, తంబురా శ్రుతి చేసుకునేదాన్ని. ఇదంతా చదువుతుంటే జీవా గుర్తొచ్చింది. తీగ కింద, గుర్రం (తీగలు ఆనే దిమ్మె) మీద, చిన్న నూలు దారం పెట్టి వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతాం. సరైన చోటికి రాగానే మూగగా ఉన్న తీగ ఝుమ్మని పలుకుతుంది, అనుస్వరాలన్నీ విచ్చుకుంటాయి. మా గురువుగారు దారం లేని తంబురాకు ప్రాణం లేదనేవారు. మీ పెట్టెకూ దీనికీ చుట్టరికం ఉందా?

కోఠి_సోల్డర్
అమ్మా, చరిత్రలో చుట్టరికం లేదు. పని తీరూ వేరు. మీ దగ్గర తీగ గుర్రాన్ని తాకీ తాకకుండా రాసుకుంటుంది, మా దగ్గర కరెంటు అలను కోస్తాం. కానీ వినేవాడికి అందేది రెండింట్లోనూ అనుస్వరాలే. మీ దారం జరిపినట్టే మేం గిటార్ వాల్యూం తిప్పుతాం. కావలి తమ్ముడూ, పెడల్ ఆన్‌లోనే ఉంచి గిటార్ మీది వాల్యూం పదినుంచి ఏడుకు దించి, మెడ వైపు పికప్‌తో వాయించి చూడు.

కావలి_గిటార్
చూశాను అన్నా. సెల్లోకు దగ్గరగా వచ్చింది, పంచమాలు కూడా విడిగా వినిపిస్తున్నాయి. పెడల్ విప్పితే లోపల రెండు ట్రాన్సిస్టర్లు, మీద ఏసీ128 అని ఉంది. ట్రిమ్మర్ లేదు. ఏప్రిల్‌లోపు పెట్టించాలి. ఫొటో రేపు పెడతాను, ఎక్కడ పెట్టాలో చెప్పండి.