కొలంబియా కాలువ కట్ట ఎలా తెగింది?

సౌత్ కరోలినా తెలుగమ్మాయి:
మేం అమెరికాలో సౌత్ కరోలినాలోని కొలంబియా వచ్చి నాలుగు నెలలైంది. సాయంత్రాలు బాబుని స్ట్రోలర్‌లో వేసుకుని కాలువ గట్టు మీద నడుస్తాను. ఒకపక్క కాలువ, ఇంకోపక్క కింద నది. గట్టు చివర పాత పవర్‌హౌస్. 2015 వరదలో ఈ మట్టికట్టకి గండి పడిందని, ఊరి తాగునీళ్లలో చాలా భాగం ఈ కాలువవేనని పక్కింటావిడ చెప్పినప్పట్నించి టెన్షన్‌గా ఉంది. వందేళ్లు నిలిచిన కట్ట ఎలా తెగింది?

పదహారేళ్లుగా ఇక్కడే:
ఆ వరదప్పుడు మేం ఇక్కడే ఉన్నాం అమ్మా. అక్టోబరు 4 ఆదివారం, కుండపోత. మర్నాడు పవర్‌హౌస్ దగ్గర కట్ట తెగి కాలువ నీళ్లన్నీ నదిలోకి పోతున్నాయని తెలిసింది. కాలువ మట్టం పడిపోతే ఫిల్టర్ ప్లాంటుకి నీళ్లందవు. నేషనల్ గార్డు హెలికాప్టర్లు పెద్ద పెద్ద ఇసుక బస్తాలు జారవిడిచాయి. తర్వాత కాలువకి అడ్డంగా బండరాళ్లతో కట్ట వేసి నీళ్లు నిలబెట్టారు. పది రోజులు మరగబెట్టిన నీళ్లే. మా పెద్దదానికి అప్పుడు మూడేళ్లు, పళ్లు తోమడానికి కూడా చల్లార్చిన నీళ్లు చెంబులో పక్కన పెట్టేదాన్ని.

ఈ కాలువంటే నాకు ప్రాణం. 1824లో పడవల కోసం తవ్వారు, 1891లో వెడల్పు చేశారు. ఈ నీటి కరెంటుతోనే 1894లో ఇక్కడి బట్టల మిల్లు నడిచింది. ఆ మిల్లే ఇప్పుడు స్టేట్ మ్యూజియం, బాబుని తీసుకెళ్లు.

ఏటిగట్టు మనిషి:
ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను. 1986 ఆగస్టు గోదావరి వరదకి కోనసీమ ఏటిగట్టు మీద పెట్రోమాక్స్ లైటు పట్టుకుని రాత్రుళ్లు తిరిగినవాణ్ని. మట్టికట్ట నీళ్లు పైనుంచి పొర్లినా తెగుతుంది, లోపల బుంగ పడినా తెగుతుంది. పొర్లితే బయటివైపు వాలు కోసుకుపోతుంది, అది కంటికి కనిపిస్తుంది. బుంగే దొంగ. కుళ్లిన చెట్టు వేరు, పందికొక్కు బొరియ, కాంక్రీటు గోడ మట్టితో కలిసే అతుకు, ఎక్కడ సందు దొరికితే అక్కడ మొదలవుతుంది. కట్ట అడుగున ఊట తేటగా వస్తే కనిపెట్టుకుని ఉంటే చాలు. మట్టిరంగులో వస్తుంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతున్నట్టే. అప్పుడు బుంగ నోరు మూయకూడదు, మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. చుట్టూ బస్తాలు పేర్చి నీళ్లు ఎత్తు పెరగనివ్వాలి. ఆ బరువుకి లోపలి ఉరవడి తగ్గుతుంది.

సౌత్ కరోలినా తెలుగమ్మాయి:
చాలా థాంక్స్ బాబాయిగారూ. ఇవాళ వాన వెలిశాక వెళ్లాను, అంతా తడే. వాన తడికీ ఊట తడికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఏటిగట్టు మనిషి:
రెండు రోజులు ఎండకాసినా ఆరకపోతే ఊటని అనుమానించాలి తల్లీ. మేమైతే తడి అంచున పుల్ల గుచ్చి వచ్చేవాళ్లం. మర్నాడు తడి ఆ పుల్ల దాటిందంటే వెంటనే పైవాళ్లకి కబురు చేసేవాళ్లం. నువ్వు మాత్రం వాలు దిగకు, గట్టు మీంచే ఫొటో తీసి పార్కువాళ్లకి చూపించు.