డక్టబుల్ ఏసీ ఫేజ్ రిలేని బైపాస్ చేయొచ్చా?

భీమవరం ఫంక్షన్ హాల్ మేనేజర్
మా హాల్లో 11 టన్నుల డక్టబుల్ (డక్టుల్లోంచి చల్లగాలి పంపే) ఏసీ యూనిట్లు నాలుగు పెట్టించాం. లైన్ కరెంటు మీద బాగానే నడుస్తున్నాయి. కరెంటు పోయి జనరేటర్ మీదకి మారితే మాత్రం ఒక్కటీ స్టార్ట్ అవ్వదు, ఫేజ్ రిలే (మూడు ఫేజుల వరస, వోల్టేజీ సరిగ్గా లేకపోతే యూనిట్‌ని నడవనివ్వని పరికరం) మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఏసీ మెకానిక్ రిలే కాంటాక్టుల మధ్య చిన్న వైరు ముక్క వేసి నడిపిద్దామంటున్నాడు. ప్యానెల్ చేసిన ఎలక్ట్రీషియన్ వద్దే వద్దంటున్నాడు. శ్రావణంలో వరసగా పెళ్లిళ్లు ఉన్నాయి, ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

కూలింగ్ టెక్నీషియన్
బైపాస్ చేసేయండి సార్. మన ఊళ్లలో మూడు ఫేజుల్లో వోల్టేజీ సమంగా ఉండేదెప్పుడు? రిలే అయినదానికీ కానిదానికీ ట్రిప్ అవుతుంది. ముహూర్తం వేళ హాలు ఉడికిపోతుంటే పెళ్లివారికి రిలే గురించి చెప్పుకోలేం. కంప్రెసర్ లోపల ఓవర్‌లోడ్ (ఎక్కువ వేడెక్కితే ఆపేసే రక్షణ) ఉంది, ప్యానెల్లో బ్రేకర్ ఉంది. అవి చాలు.

ప్యానెల్ బోర్డు పని
అన్నా, ఇక్కడ ముందు చూడాల్సింది వోల్టేజీ కాదు. లైన్ మీద నడిచి జనరేటర్ మీద నాలుగూ ఆగాయంటే, జనరేటర్ ఫేజుల వరస తిరగబడి ఉందనే ముందు అనుమానించాలి. బైపాస్ చేస్తే కంప్రెసర్ తిరుగుతుంది, కానీ వెనక్కి తిరుగుతుంది. స్క్రోల్ కంప్రెసర్ ఒక్క దిశలోనే గ్యాస్‌ని నొక్కుతుంది. వెనక్కి తిరిగితే సక్షన్ (గ్యాస్ లాగే వైపు) ప్రెషర్ దిగదు, డిశ్చార్జ్ (గ్యాస్ బయటికి తోసే వైపు) ప్రెషర్ పెరగదు, గరగరమని చప్పుడొస్తుంది. క్లాంప్ మీటర్ పెడితే ఆంపియర్లు మామూలు కంటే తక్కువ చూపిస్తాయి. అది చూసి బాగానే ఉందనుకుంటారు! కాసేపటికి వేడెక్కి ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. అలాగే నడిపిస్తూ పోతే కంప్రెసర్ పోతుంది.

త్రీఫేజ్ బ్లోయర్ సంగతి ఇంకా కనిపెట్టలేం. వెనక్కి తిరిగినా గాలి అదే డక్టులోకి వస్తుంది, కాకపోతే బాగా తక్కువ వస్తుంది. గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి చూసి సరే అనేస్తారు.

మేనేజర్ గారూ, ఏసీ టెర్మినళ్ల దగ్గర ఫేజులు మార్చనివ్వకండి. అక్కడ మారిస్తే జనరేటర్ మీద నడిచి లైన్ మీద ఆగిపోతుంది. చేంజోవర్‌లో (లైన్ నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్) జనరేటర్ వైపు నుంచి వచ్చే మూడు కేబుళ్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చాలి. ముందు జనరేటర్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, చేంజోవర్ రెండు వైపులా సప్లై లేదని టెస్ట్ చేసుకోవాలి. మార్చాక ఫేజ్ సీక్వెన్స్ మీటర్‌తో రెండు సప్లైలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. నీళ్ల మోటారు కూడా జనరేటర్ మీదే ఉంటే దాని దిశ మళ్లీ చూసుకోండి. ఇదివరకే ఎవరైనా దానికి విడిగా వైర్లు మార్చి ఉండొచ్చు.

కూలింగ్ టెక్నీషియన్
వరస సంగతి ఒప్పుకుంటాను, అది మార్చాల్సిందే. మార్చాక కూడా పెళ్లి రోజు రిలే ట్రిప్ అయితే? డెకరేషన్ వాళ్లు సీరియల్ లైట్లు, ఫోకస్ లైట్లు అన్నీ ఒకే ఫేజు మీద తగిలిస్తారు. జనరేటర్ వోల్టేజీ ఒకవైపు వాలిపోతుంది. అప్పుడు నాలుగు యూనిట్లూ ఆపుకుని కూర్చోవాలా?

మోటారు రివైండింగ్
వైండింగులు కాలిపోయి వచ్చే మోటార్లు విప్పేది మేం కాబట్టి చెబుతున్నాను. ఫేజుల మధ్య 418, 410, 396 వోల్టులు ఉన్నాయనుకోండి. సగటు 408. దానికి 396 దూరం 12, అంటే సుమారు 2.9 శాతం తేడా. వినడానికి చిన్నదే. ఆ శాతాన్ని వర్గం చేసి రెండింతలు చేస్తే వైండింగ్‌లో వేడి ఎంత శాతం ఎక్కువ పెరుగుతుందో దాదాపుగా తెలుస్తుంది, ఇక్కడ 17. ఏసీ కంపెనీలు మామూలుగా 2 శాతం దాటనివ్వొద్దని చెప్పేది ఇందుకే.

ఇక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫీజు పోతే, నడుస్తున్న మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల నుంచి సుమారు 1.73 రెట్లు కరెంటు లాగుతూ తిరుగుతుంది. ఆ వైరు ముక్క ఒక పెళ్లి కోసమే వేస్తారు, కానీ దాన్ని తీసేవాళ్లు ఉండరు. ఆ తర్వాత లైన్ కరెంటు మీద కూడా ఆ రిలే ఉన్నా లేనట్టే. మూడు వోల్టేజీలు మాత్రమే చూసే చవక రకం రిలే కొన్నిసార్లు ఈ ఫీజు పోయిన సంగతి పట్టుకోలేదు. తిరుగుతున్న మోటారే పోయిన ఫేజులోకి వోల్టేజీ పంపిస్తుంటుంది. కరెంటు చూసే రకం పెట్టించుకోండి.

కూలింగ్ టెక్నీషియన్
మంచి రకం పెట్టి, ట్రిప్ డిలే కొన్ని సెకన్లు పెంచితే నాకు అభ్యంతరం లేదు. కానీ రిలే ధర, దాని పని ఏసీ కాంట్రాక్ట్‌లో ఎవరూ రాయరు. చివరికి తిట్లు మాకే పడతాయి.

ప్యానెల్ బోర్డు పని
అందుకే మేనేజర్ గారు దాన్ని కాగితం మీద పెట్టాలి. యూనిట్ టెర్మినళ్ల వరకు కేబుల్, ఎర్తింగ్, రిలే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌కి, లోపలి వైరింగ్ ఏసీ వాళ్లకి. సప్లై వైపు పని లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలే చెబుతున్నాయి.

భీమవరం ఫంక్షన్ హాల్ మేనేజర్
ఆదివారం బుకింగ్ లేదు. ఇద్దరినీ ఒకేసారి రమ్మన్నాను, జనరేటర్ వైపు ఫేజులు మార్పిస్తాను. డెకరేషన్ వాళ్లకి మూడు ఫేజులకీ విడివిడిగా సాకెట్ బోర్డులు ఇప్పిస్తాను. కరెంటు చూసే రిలే నాలుగు యూనిట్లకీ విడిగా కావాలా, ప్యానెల్లో ఒక్కటి చాలా?

మోటారు రివైండింగ్
విడిగానే సార్. ఒకే ఒక్క యూనిట్ కేబుల్లో లగ్గు (వైరు చివర బిగించే మెటల్ కొన) వదులై ఫేజు పోతే, ప్యానెల్లో ఉన్న ఒక్క రిలే దాన్ని పట్టుకోలేదు.